నీళ్ళ సీనులో ఊపిరి పీల్చకూడదు

వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా వేస్తున్నామని టీవీలో కింద అక్షరాలు పరుగెత్తుతుంటే, పెరుగన్నం కలుపుకుంటున్నదాన్ని ఒక్కసారిగా ఫక్కున నవ్వాను. మా ఆయన కంచంలోంచి తలెత్తి, "ఏందే?" అన్నాడు. "పిన్ని సినిమా" అన్నాను. ఆయన కూడా నవ్వాడు. పిన్ని పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

పిన్ని అంటే చుట్టం కాదు. నరసరావుపేటలో మా ఎదురింటావిడ. వాళ్ళది నూజెండ్ల వైపు పల్లె. పత్తి వ్యాపారం కోసం ఎప్పుడో పేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మనిషి బాగా పొట్టి. బస్సులో సీటు మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనేవి కావు, వాటిని ఊపుకుంటూ కిటికీలోంచి చూసేది. నుదుట పెద్ద బొట్టు, ముక్కుకి రెండు వైపులా పుడకలు, చంకలో ఎప్పుడూ ఒక స్టీలు డబ్బా. దారిలో ఎదురైనవాళ్ళు ఈవిడ గుడికి పోతోందనుకునేవారు. ఆవిడ పోయేది సముద్రంలోంచి రాక్షసి జంతువులు వచ్చే సినిమాలకి.

దెయ్యాల సినిమాలు ఆవిడకి ఆనేవి కావు. "దెయ్యానికేముందే, చచ్చినోళ్ళే గదా. బతికున్నప్పుడు వాళ్ళని చూళ్ళేదా మనం" అని తీసిపారేసేది. పాముల సినిమాలు, మొసళ్ళ సినిమాలు కూడా అంతే. నీళ్ళుండాలి, అదీ వెలుతురు చేరనంత లోతు నీళ్ళు. అక్కడినుంచి ఒకటి రావాలి. అది ఏమిటో, ఎంతుంటుందో చివరిదాకా తెలియకూడదు. ఇంటర్వెల్లోపు తోక వరకు చూపిస్తే ఒప్పుకునేది. మొహం చూపించారో, ఆ డైరెక్టరు తెలివితక్కువవాడని అక్కడికక్కడే తేల్చేసి డబ్బా మూత తీసేది.

డబ్బాలో చేగోడీలుండేవి. వాటికీ ఒక పద్ధతి ఉంది. పడవ మీద మనుషులు మాట్లాడుకుంటున్నంతసేపూ నమలొచ్చు. కెమెరా నీళ్ళలోకి దిగిందంటే నోట్లో ఉన్నది ఉన్నట్టే ఆపేయాలి. అంతటితో పోతే బాగానే ఉండును. ఊపిరి కూడా ఆపాలి. తెర మీద నీళ్ళున్నంతసేపూ ఆవిడ గాలి పీల్చేది కాదు. బుగ్గలు రెండూ పూరీల్లా పొంగేవి, కళ్ళు పెద్దవయ్యేవి, నా చేతి మీద ఆవిడ గోళ్ళు దిగేవి. సీను పైకి రాగానే బుస్సుమని వదిలేది. ముందు వరసలవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి చూసేవాళ్ళు.

మొదటిసారి తీసుకుపోయినప్పుడు నేను మామూలుగా ఊపిరి పీలుస్తూ దొరికిపోయాను.

"ఏమే, గాలి పీలుస్తన్నావా?"

"పీల్చకపోతే ఎట్టా పిన్నీ?"

"పీలుస్తన్నావంటే నువ్వింకా గట్టు మీదే ఉన్నావు. గట్టు మీద కూకోటానికి టిక్కెట్టెందుకు, ఇంటికాడ అరుగు లేదా?"

నేనేమో పిరికిదాన్ని. రక్తం పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తూ కూడా సినిమాలో రక్తం చూస్తే కళ్ళు మూసుకునేదాన్ని. ఆవిడ నా చేతులు కళ్ళ మీదనుంచి తీసి చెవుల మీద పెట్టింది. "భయం కళ్ళల్లో ఉండదే పిచ్చిదానా, ఆ డబడబ డప్పుల్లో ఉంటది. చెవులు మూసుకుని చూడు" అంది. మూసుకున్నాను. అంత పెద్ద సొరచేపా నోరు తెరిచి ఆవలిస్తున్నట్టు కనపడింది. ఆరోజునుంచి నా ఉదయం డ్యూటీ అయిపోతే చాలు, మధ్యాహ్నం ఆటకి ఇద్దరం ఆటో ఎక్కడమే.

సినిమాలో మనుషులతో ఆవిడకి చుట్టరికాలుండేవి. ఓడలో ఎవడైనా గడ్డం నిమురుకుంటూ "భయపడాల్సిందేమీ లేదు" అన్నాడంటే, ఆవిడ చెయ్యి కొద్దిగా పైకెత్తి, "వెళ్ళిరా నాయనా" అని సాగనంపేది. వాడు రెండు సీన్లలో పోయేవాడు. ఓడలో కుక్క ఉంటే మాత్రం సినిమా అయ్యేదాకా కుదురుండేది కాదు. మనుషులెంతమంది పోయినా సర్దుకునేది, కుక్కకి ఏమన్నా అయితే రాత్రికి అన్నం మానేసేది. "అది డబ్బుకోసం దిగలేదుగా" అని ఆవిడ న్యాయం.

నిజం సముద్రం ఒక్కసారే చూసింది. కార్తీకంలో కాలనీ వాళ్ళమంతా సూర్యలంక పోయాం. అందరూ నీళ్ళలో మునుగుతుంటే ఆవిడ ఒడ్డున చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడి, వంటింట్లో పొంగిన పాలను చూసినట్టు చూసింది. "పైనంతా నురగేనే. అసలు సంగతంతా కిందుంది" అని వచ్చి బస్సులో కూర్చుంది.

బాబాయి, అంటే వాళ్ళాయన, మెత్తని మనిషి. "డబ్బులిచ్చి భయపడి రావటమేందో" అని గొణిగేవాడు. నాకూ ఆ సంగతి తెలుసుకోవాలనే ఉండేది. ఒకరోజు మేడ మీద మిరపకాయలు ఆరబోస్తూ అడిగేశాను. ఆవిడ ఒక కాయ తొడిమ తీసి, దాన్ని పక్కన పెట్టి, అప్పుడు చెప్పింది.

"నేను పుట్టిన ఊళ్ళో భయాలన్నీ మొహం తెలిసినయ్యేనమ్మా. ఫలానా ఇంటోళ్ళంటే భయం, ఫలానా ఎలచ్చనంటే భయం. మా నాన్న పొద్దుగూకినాక తలుపు తీసేవాడు కాదు. తలుపు కొట్టేవోడు కూడా మనకి మామో బావో అయ్యుంటాడు. దీనికట్టా కాదు. దానికి పార్టీ లేదు, ఎవురి మీదా పగ లేదు. ఆకలేస్తే తింటది, కడుపు నిండితే పోయిద్ది. అట్టాంటి దానికి భయపడితే మనసుకి ఎంత హాయిగా ఉంటదో."

ఆ మాట విన్నాక బాబాయి గొణుగుడు మళ్ళీ నా చెవికెక్కలేదు.

ఇక ఆ సినిమా సంగతి. డబ్బింగు సినిమా, పేరున్న నటులు లేరు. చిన్న జలాంతర్గామిలో నలుగురు సముద్రం అడుక్కి దిగుతారు, పైన ఓడలోంచి తాడు కట్టి దించుతుంటారు, కింద ఏదో ఆ తాడుని పట్టుకుని లాగుతుంది. అంతే కథ. పోస్టరు మీద ఉత్త నల్లటి నీళ్ళు, మూలన ఒక చిన్న దీపం. జంతువు బొమ్మ లేదు. పిన్ని ఆ పోస్టరు ముందు ఆటో ఆపించి మరీ చూసింది. "బొమ్మ వెయ్యలేదంటే వాడికి పని తెలుసు" అంది.

మంగళవారం మధ్యాహ్నం వెళ్ళాం. హాల్లో మేమిద్దరం, ఒక కొత్త జంట, చల్లదనానికి వచ్చి నిద్రపోతున్న ఇద్దరు పెద్దమనుషులు. మొదటి సగం ఎంత బాగుందంటే పిన్ని డబ్బా మూతే తీయలేదు. తాడు బిగుసుకుంది, దీపం ఆరింది, చీకట్లో ఒక గోడ మెల్లగా కదిలింది. అది గోడ కాదని మనకి అర్థమయ్యేసరికి ఇంటర్వెల్ పడింది. ఆ జంట లేచిపోయింది. మేనేజరు వచ్చి, నిద్రపోతున్నవాళ్ళని చూసి, మమ్మల్ని చూసి, "అమ్మా, మీ ఇద్దరికోసం ఏసీ నడపలేనమ్మా. రేపు రండి, ఇదే టిక్కెట్టు మీద కూర్చోబెడతా" అన్నాడు. లైట్లు వెలిగాయి.

బుధవారం వెళితే అసలు ఆటే వేయలేదు. శుక్రవారం పెద్ద హీరో సినిమా వస్తోంది, ఇది గురువారంతో తీసేస్తారు.

"కనీసం కింద సగం హాలన్నా నిండితే వేస్తానమ్మా" అన్నాడు మేనేజరు.

నేను ఊరుకోలేక, "ఎక్కడో అక్కడ ఫోన్లో దొరుకుద్దిలే పిన్నీ" అన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"సముద్రం అడుగునుంచి పైకొచ్చేదాన్ని అరచేతిలో చూడమంటావా? అది రావటం ఒక్కసారే వచ్చిద్ది. దానికి తగ్గంత చోటుండొద్దా?"

ఇంటి ముందు ఆటో దిగీ దిగగానే వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసింది.

ఆ తమ్ముడి గురించి చెప్పాలి. ఆయన వాళ్ళ పుట్టినూళ్ళోనే ఉంటాడు, సేద్యం చేస్తాడు, కానీ ఆయన అసలు పేరు మోసింది జనాన్ని తేవడంలో. ఏ పార్టీ సభకైనా సరే, ట్రాక్టర్లు కట్టించి, భోజనం పొట్లాలు సర్దించి, చెప్పిన సమయానికి జనాన్ని దించుతాడు. మాట తప్పిన చరిత్ర లేదు. ఆయన దగ్గర నినాదాలిచ్చే మనిషి ఒకడుంటాడు. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. నాయకుడి కారు మలుపు తిరుగుతున్నప్పుడే కనిపెట్టి జనాన్ని లేపడం అతని విద్య.

"ఒరేయ్, రేపు మజ్జానానికి జనం కావాల్రా. సినిమా హాలుకి" అంది పిన్ని.

అవతల ఆయన ఒక్కటే అడిగాడు. "పొట్లాలు ముందా, అయినాకా?"

"అయినాక. లోపల నమిల్తే ఊరుకోను."

గురువారం మధ్యాహ్నం మూడు ట్రాక్టర్లు వచ్చి హాలు ముందు ఆగాయి. వెనక కట్టిన ట్రక్కుల్లోంచి తలపాగాలు, కొంగులు, చేతికర్రలు దిగుతూనే ఉన్నాయి. మేనేజరు బయటికొచ్చి నిలబడిపోయాడు. పిన్ని పెళ్ళికూతురి తల్లిలా గుమ్మంలో నిలబడి, "రాండి, రాండి, లోపల చల్లగా ఉంది" అని అందర్నీ పలకరించింది. సరిగ్గా హాలు మధ్య వరసలో మధ్య సీటు తనకి. పక్కన నేను. నా అవతల ఒక ముసలమ్మ, మా ముందు వరసలో నినాదాల మనిషి.

సినిమా మొదటినుంచీ వేశారు. నాకు ఒకటే దిగులు, ఈ జనం గోల చేసి పిన్ని ఆనందం పాడుచేస్తారేమోనని. తెర మీద జలాంతర్గామిని తాడుతో నీళ్ళలోకి దించుతున్నారు. హాలంతా నిశ్శబ్దం. కాసేపటికి ముసలమ్మ నావైపు వంగి, "ఎంత లోతుకి దించుతారమ్మా? నీళ్ళు పడినియ్యిగా" అంది. వెనకనుంచి ఎవరో, "ఆపమనండయ్యా, మోటారు ఇరుక్కునిద్ది" అన్నారు.

సరిగ్గా అప్పుడే తాడు బిగుసుకుంది.

హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది. ఆ మూలుగు నేను ఏ సినిమా హాల్లోనూ వినలేదు. బోర్లు ఎండిపోయే ఊళ్ళవాళ్ళు వాళ్ళు. లోపలికి దించిన మోటారు ఇరుక్కుని, తాడు బిగిసి, లాగితే తెగుతుందో రాదో తెలియక గట్టున నిలబడ్డవాళ్ళే అందరూ. ఆ చీకటి గొట్టంలోకి తొంగిచూడటం వాళ్ళకి కొత్త కాదు. తెర మీద తాడు ఒక్కో పోగూ తెగుతుంటే ముందు వరసలో ఒకాయన కండువా నోట్లో కుక్కుకున్నాడు. పిన్ని నా చెయ్యి నొక్కి, "చూశావా, వీళ్ళే అసలు ప్రేక్షకులు" అంది. ఆవిడ కళ్ళు మెరిసిపోతున్నాయి.

ఒక్క నినాదాల మనిషి మాత్రం భయపడటం లేదు. అతనికి వేరే ధ్యాస ఉంది. ఊరికే ట్రాక్టరెక్కించి, పొట్లమిచ్చి, ఎవరూ సినిమా చూపించరని అతని అనుభవం. ఇది తప్పకుండా ఎవరో నాయకుడి మీద తీసిన సినిమా అయ్యుండాలి. ఆ నాయకుడు ఎప్పుడు వస్తాడా అని మొదటినుంచీ సీటు అంచున కూర్చుని కాచుకుని ఉన్నాడు. ఇంటర్వెల్లో నన్ను కూడా అడిగాడు. "మనాయన ఎప్పుడొస్తాడమ్మా?"

నేను జంతువు గురించి అడుగుతున్నాడనుకుని, "ఆఖర్లో వస్తుందన్నా" అన్నాను. "చివర్నే రావాలి పెద్దోళ్ళు" అని తృప్తిపడ్డాడు.

చివరి ఘట్టం వచ్చింది. ఓడ మీద మిగిలినవాళ్ళంతా బారులు తీరి నిలబడ్డారు. దీపాలన్నీ నీళ్ళవైపు తిప్పారు. అందరి చూపూ ఒకే చోట ఉంది. డప్పులు మొదలై పెరుగుతున్నాయి. నీళ్ళు ఉబ్బాయి. పిన్ని ఊపిరి బిగబట్టింది. బుగ్గలు పొంగాయి.

బారులు తీరిన జనం, దీపాలు, డప్పులు. నినాదాల మనిషికి ఇంకేం కావాలి. చటుక్కున లేచి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఎత్తి, "లెగండి, లెగండి, వస్తన్నాడు" అని కేక పెట్టాడు. హాలంతా లేచింది. "జిందాబాద్" అని అతను, "జిందాబాద్" అని జనం. కండువాలు గాల్లోకి ఎగిరాయి. ముసలమ్మ కర్ర ఎత్తి ఊపింది. తెర మీద ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నట్టున్నారు, ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

పిన్నికి కనపడుతున్నవి వీపులు, వాటి మీద కండువాలు. గెంతింది. లాభం లేదు. సీటు మీదికి ఎక్కింది. హాల్లో సీట్లు మడత సీట్లు కదా, అది టపీమని మూసుకుని ఆవిడ కాలు మింగేసింది. నేను సీటు తెరిచి కాలు లాగి, ఆవిడ నడుము పట్టుకుని పైకెత్తబోయాను. ఆవిడ బరువుకి నేనే కూలబడ్డాను.

"కూర్చోండయ్యా, మీకు దణ్ణం పెడతా, కూర్చోండి" అని అరిచింది పిన్ని.

నినాదాల మనిషి వెనక్కి తిరిగి ఎంతో మర్యాదగా, "ఆయన కూర్చున్నాక కూర్చుంటామమ్మా" అన్నాడు.

ఆయన కూర్చోలేదు. సముద్రం అడుగునుంచి వచ్చినది ఓడని విరిచి, రావలసినంతసేపు వచ్చి, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. జనం నిలబడే సాగనంపారు. లైట్లు వెలిగేసరికి పిన్ని, నేను రెండు వరసల మధ్య కింద కూర్చుని ఉన్నాం. చేగోడీలు ఒలికిపోయి ఉన్నాయి.

ఆవిడ తమ్ముణ్ణి పట్టుకుని దులిపేస్తుందనుకున్నాను. లేదా ఏడుస్తుందనుకున్నాను. నాకైతే ఏడుపే వచ్చింది, మూడు రోజుల ఆశ కదా. బయట జనం ట్రక్కుల నీడన కూర్చుని పొట్లాలు విప్పుకుంటున్నారు. పిన్ని కుంటుకుంటూ వెళ్ళి ఆ ముసలమ్మ పక్కన కూర్చుంది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది.

"ఎట్టా ఉందే అక్కా అది?"

ముసలమ్మ ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగింది. "ఏం జెప్పనమ్మా. ఎండాకాలం కుంటలో నీళ్ళయిపోయినాక ఆఖరి వాలుగ చేప నోరు తెరుస్తది జూడు, అట్టా తెరిచింది. ఆ నోట్లో మన ఊరు పట్టిద్ది. నాకు పాపమనిపిచ్చింది. పైకొస్తే దానికి గాలాడదు గదా."

"కళ్ళో?"

"ఒళ్ళంతా కళ్ళే అక్కా" అన్నాడు పక్కనున్నాయన. "తామర పురుగు పట్టిన మిరపతోటలో ఆకు తిప్పితే కనపడతయ్యే, అన్ని."

"అన్నీ మూసే ఉన్నయ్యి. ఒకటే తెరిచింది" అని ఇంకొకామె సరిదిద్దింది.

నినాదాల మనిషి పొట్లం పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. తప్పు జరిగిందని అప్పటికి అతనికి తెలిసిపోయింది. అయినా తన మాట తను చెప్పాలి కదా. "ఏదన్నా అనండి. మనల్ని చూసి చెయ్యూపింది" అన్నాడు. "ఎన్ని చేతులు?" అంది పిన్ని. అతను రెండు చేతులూ చాపి, చాలక, పక్కవాళ్ళ చేతులు కూడా పట్టుకుని ఎత్తించాడు. ఆ పక్కవాళ్ళు వాళ్ళ పక్కవాళ్ళవి ఎత్తారు. హాలు ముందు ఎర్రటి ఎండలో అన్నం మెతుకులంటిన చేతులు ట్రాక్టరు పొడవున లేచి మెల్లగా ఊగాయి.

పిన్ని వంక చూశాను. బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నాయి. కళ్ళు ఇంతింతయ్యాయి. ఊపిరి తీయడం లేదు. ఆ చేతులు కిందికి దిగాకే బుస్సుమని వదిలి, ఒళ్ళు ఊగేలా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "ఒరేయ్ తమ్ముడూ, నా పొట్లమేదిరా" అంది.

ఆ తర్వాత ఆ సినిమా ఫోన్లోకి వచ్చింది. వాళ్ళబ్బాయి ఎక్కించి ఇస్తానన్నాడు. వద్దంది. "నేను చూసిందానికంటే చిన్నదయిద్ది" అంది. కాలనీలో ఎవరడిగినా ఆ జంతువుని నోరారా వర్ణించేది. వాలుగ నోరు, ఒళ్ళంతా కళ్ళు, తెరిచిన ఒక్క కన్ను, ట్రాక్టరు పొడవున ఊగే చేతులు. చెప్పిన ప్రతిసారీ అది కొంచెం పెరిగేది. పాపం దానికి గాలాడదని చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేది.

ఆవిడ పోయినప్పుడు తమ్ముడు ఎవరికీ కబురు పెట్టే స్థితిలో లేడు. ట్రాక్టర్లు వాటంతటవే వచ్చాయి. మా వీధి పట్టలేదు. నినాదాల మనిషి గోడవారన కండువా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పాడె లేచినప్పుడు కూర్చున్నవాళ్ళంతా అతను చెప్పకుండానే లేచారు. అతను నోరు తెరిచి, మూసుకుని, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఆవిడ లేని లోటు ఏమిటో అప్పుడే అర్థమైంది. నా చేతి మీద ఆవిడ గోళ్ళ గుర్తులున్నాయి, ఇక అవి మానిపోతాయి.

ఆదివారం వచ్చింది. మా ఆయన ముందే తినేసి టీవీ ముందు కూర్చున్నాడు. నేను చేగోడీల డబ్బా తెచ్చుకున్నాను. తాడు బిగిసింది, దీపం ఆరింది, గోడ కదిలింది. ప్రకటనలు వచ్చాయి, పోయాయి. ఓడ మీద మనుషులు బారులు తీరారు. దీపాలు నీళ్ళవైపు తిరిగాయి. డప్పులు పెరిగాయి, నీళ్ళు ఉబ్బాయి.

నేను లేచి టీవీకి అడ్డంగా, దానికి వీపు పెట్టి నిలబడ్డాను.

"అడ్డం లెగవే, వస్తంది" అన్నాడు మా ఆయన, తల అటూ ఇటూ వంచుతూ.

ఆ రోజు హాలు ముందు ఎండలో ఊగిన చేతుల్లా నా రెండు చేతులూ ఎత్తి మెల్లగా ఊపాను. ఆయన తల వంచడం మానేసి నావైపే చూస్తూ ఉండిపోయాడు. నా వెనక ఓడ విరుగుతోంది. నీళ్ళు ఉబ్బినప్పుడే ఊపిరి బిగబట్టాను, ఇంకా వదలబుద్ధి కాలేదు.